టీవీకి మనం అప్పజెప్పిన పనులు

బెంగళూరులో రాత్రి ఏడున్నర. మారతహళ్లిలోనో, కేఆర్ పురంలోనో ఒక అపార్ట్‌మెంట్. నాలుగేళ్ల పాప సోఫాలో కూర్చుని ఉంది, ఎదురుగా టీవీలో కార్టూన్. పక్కన అమ్మమ్మ, చేతిలో పప్పన్నం గిన్నె. మూడు నెలలు ఉండి పోదామని అనంతపురం నుంచి వచ్చింది. "ఆ అను తల్లీ" అంటుంది. పాప చూపు తిప్పకుండానే నోరు తెరుస్తుంది. ముద్ద బుగ్గన పెట్టుకుని అలాగే ఉండిపోతుంది. "నమలమ్మా, మింగు" అని రెండుసార్లు చెబితే మింగుతుంది. వాళ్లమ్మ ఇంకా సిల్క్ బోర్డు కూడలి దగ్గర క్యాబ్‌లో ఉంది. నాన్న లోపలి గదిలో తలుపేసుకుని అమెరికా వాళ్లతో కాల్‌లో ఉన్నాడు.

ఇందులో నాకు ఎవరి తప్పూ కనిపించదు. అమ్మమ్మకు పాప కడుపు నిండాలి. అమ్మానాన్నలకు ఇంటి అప్పు కట్టే ఉద్యోగం నిలబడాలి. మా ఇంట్లోనూ కొన్నేళ్లు రాత్రి భోజనం ఇలాగే నడిచింది. కాబట్టి మందలించడానికి కూర్చోలేదు. ఒక్క ప్రశ్న అడుగుతాను: ఆ గంటలో, ఆ ఇంట్లో టీవీ ఏమేం పనులు చేస్తోంది?

అన్నం తినిపిస్తోంది. అమ్మ వచ్చేదాకా పాపను కనిపెట్టుకుని ఉంటోంది. నాన్న కాల్‌కి అల్లరి వినబడకుండా చూస్తోంది. కన్నడం రాని, హిందీ రాని అమ్మమ్మకు తోడుగా ఉంటోంది. ఇంగ్లీషు బడికి పోయే పాపకు నాలుగు తెలుగు ముక్కలు నేర్పుతోందని కూడా మనం నమ్ముతున్నాం. ఇన్ని పనులు చేసేదాన్ని ఒక్కసారిగా కట్టేస్తే ఆ పనులన్నీ ఎవరి నెత్తిన పడతాయి? "రేపట్నుంచి టీవీ బంద్" అని ప్రకటించిన ఇళ్లలో మూడో రోజుకే అది మళ్లీ మోగడానికి కారణం ఇదే. మనసు గట్టిగా లేకపోవడం వల్ల జరిగిన ఓటమి అనుకుని బాధపడతాం. నిజానికి పనులు అలాగే ఉన్నాయి, చేసే మనిషిని మాత్రం పెట్టుకోలేదు. అందుకే ఒక్కో పనినీ వెనక్కి తీసుకోవాలి, ఒక దాని తర్వాత ఒకటి.

ముందుగా ఒక వారం పాటు ఏమీ మార్చకండి. ఫ్రిజ్ తలుపుకి ఒక కాగితం అంటించండి. టీవీ పెట్టిన ప్రతిసారీ ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు, పిల్ల పక్కన ఎవరున్నారు అని రాయండి. ఎన్ని గంటలన్నది తర్వాత చూద్దాం. ఆ మూడో గడే ముఖ్యం. చాలా ఇళ్లలో అది ఖాళీగా ఉంటుంది.

ఆ ఖాళీ ఎప్పుడు వచ్చిందో తెలుసుకోవాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. మన ప్రాంతపు పల్లెల్లోకి టీవీ మొదట పంతులుగా వచ్చింది. 1975 ఆగస్టు 1న సైట్ అనే ప్రయోగం మొదలైంది. అమెరికా ఇచ్చిన ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 గ్రామాలకు కార్యక్రమాలు పంపారు. మన ఇస్రో ఆ పని తలకెత్తుకుంది. ఆ రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, కర్ణాటక రెండూ ఉన్నాయి. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల ఊళ్లకు తెలుగులో, రాయచూరు, గుల్బర్గా ఊళ్లకు కన్నడంలో మాటలు వినబడ్డాయి. పొద్దున బడిపిల్లలకు, సాయంత్రం పెద్దలకు. సాగు, ఆరోగ్యం, పాఠాలు. ఊరికి ఒక్కటే పెట్టె. ఎవరికి వారు చూసే వీలే లేదు. పిల్లవాడి పక్కన పంతులో, తాతో, ఎదురింటి పిన్నమ్మో ఎవరో ఒకరు ఉండేవారు. అర్థంకానిది అక్కడే అడిగేవాడు, భయపడితే అక్కడే ఒకరి ఒళ్లో ముఖం దాచుకునేవాడు. సరిగ్గా ఏడాది నడిచి 1976 జూలై 31న ఆ ప్రయోగం ముగిసింది.

1987 జనవరిలో రామానంద్ సాగర్ రామాయణం మొదలైనప్పుడూ అంతే. వీధికొక టీవీ ఉన్న రోజులవి. ఆదివారం పొద్దున ఎవరింట్లో ఉంటే ఆ ఇంటి నట్టిల్లు నిండిపోయేది. ఇదే బెంగళూరు మనిషి శంకర్ నాగ్ ఆగుంబె వెళ్లి ఆర్.కె. నారాయణ్ కథల్ని 'మాల్గుడి డేస్'గా తీశారు. దేశమంతా స్వామి అనే పిల్లవాడి అల్లరిని ఇంటిల్లిపాదీ కూర్చుని చూసింది. ఆ తర్వాత కేబుల్ వచ్చింది, రిమోట్ వచ్చింది, గదికొక తెర వచ్చింది. ఇప్పుడు గోడ మీది టీవీలోనే యూట్యూబ్. ఒక వీడియో అయిపోగానే రెండోది దానంతట అదే వస్తుంది. బొమ్మలు మెరుగయ్యాయి, చానళ్లు పెరిగాయి. పక్కన కూర్చునే మనిషి తగ్గిపోయారు. నా దృష్టిలో అసలు నష్టం ఇదే. చూసే సమయాన్ని తగ్గించే సలహాలన్నీ దీని తర్వాతే.

పక్కన మనిషి ఎందుకంటే, పిల్లలు చూసింది చేస్తారు. 1960ల మొదట్లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఆల్బర్ట్ బందూరా చేసిన పరీక్షలు ప్రసిద్ధం. తోస్తే మళ్లీ లేచి నిలబడే గాలి బొమ్మను ఒక పెద్ద మనిషి కొట్టడం, తన్నడం చూసిన చిన్నపిల్లలు తమ చేతికి ఆ బొమ్మ దొరకగానే అలాగే కొట్టారు, అవే మాటలు అన్నారు. 1963 నాటి పరీక్షలో ఆ దృశ్యాన్ని ఫిల్మ్‌లో చూపించినా అదే జరిగింది. ఎదురుగా ఉన్న మనిషి నుంచి నేర్చుకున్నట్టే తెర మీది మనిషి నుంచీ నేర్చుకున్నారు.

మన దగ్గర దీనికి ఉదాహరణగా శక్తిమాన్ రోజులు గుర్తొస్తాయి. 1997లో దూరదర్శన్‌లో ఆ సీరియల్ మొదలైంది. ఆపదలో పడితే శక్తిమాన్ వచ్చి కాపాడతాడని నమ్మిన పిల్లలు ప్రమాదాలు తెచ్చుకున్నారన్న వార్తలు వచ్చాయి. చివరికి ఆ పాత్ర వేసిన ముకేశ్ ఖన్నాయే తెర మీదికి వచ్చి, ఇలాంటివి చేయకండని పిల్లలకు చెప్పాల్సి వచ్చింది. ఇంకా దగ్గరి సంగతి, చెప్పడానికే గుండె బరువెక్కే సంగతి. 2017లో మన పక్కనే దావణగెరె జిల్లా హరిహరలో ఏడేళ్ల పాప నిప్పంటుకుని చనిపోయింది. సీరియల్‌లోని నిప్పు దృశ్యాన్ని అనుకరించబోయి ఇలా జరిగిందని తల్లిదండ్రులు చెప్పారు.

ఏడేళ్ల పిల్లకు కల్పన అంటే తెలియదా అని పెద్దలకు అనిపిస్తుంది. కథ అని తెలుస్తుంది. కానీ కథలోని మనిషిని కాల్చని నిప్పు తనను కాలుస్తుందన్న సంగతి ఆట మధ్యలో గుర్తుండదు. అందుకే మూడు విషయాలను మీ ఇంట్లో నోరు తెరిచి మాట్లాడండి: నిప్పు, ఎత్తు, మెడకు చుట్టుకునేవి. తెర మీద వీటిలో ఏది కనిపించినా టీవీ ఒక్క నిమిషం ఆపండి. "ఈయన నిజంగా ఎగరట్లేదు నాన్నా. నడుముకి తీగ కట్టారు, కింద పరుపులు వేశారు. తర్వాత కంప్యూటర్‌లో ఆ తీగను చెరిపేశారు" అని చెప్పండి. పోరాట దృశ్యాలు ఎలా తీస్తారో చూపించే వీడియోలు ఉంటాయి, వాటిని కలిసి చూడండి. పిల్లలు ఎంత ఆసక్తిగా చూస్తారో! ఒకసారి తీగ సంగతి తెలిసిన పిల్లవాడు ఆ తర్వాత ప్రతి సినిమాలోనూ తీగ కోసం వెతుకుతాడు. ఆ వెతుకులాటే వాడికి రక్ష.

ఇక తెలుగు నేర్పే పని. బెంగళూరు తెలుగువాళ్లం మనల్ని మనం ఎక్కువగా ఓదార్చుకునేది ఇక్కడే. "బడిలో ఇంగ్లీషు, బయట కన్నడం, హిందీ. టీవీ వల్లయినా తెలుగు వస్తుంది కదా" అంటాం. 2003లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో పెట్రీషియా కూల్ బృందం తొమ్మిది నెలల అమెరికన్ పసివాళ్లకు చైనా భాషను వినిపించింది. కొందరికి ఎదురుగా కూర్చున్న మనిషి బొమ్మలతో ఆడిస్తూ, పుస్తకం చదువుతూ పన్నెండుసార్లు వినిపించారు. వాళ్లు ఆ భాష ధ్వనుల్లోని తేడాలు పట్టుకున్నారు. అవే మాటలు టీవీలో చూసిన పిల్లలకు ఏమీ పట్టుబడలేదు. పసివయసులో భాష ముఖం నుంచి ముఖానికి అందుతుంది. మన చూపు ఎటు పోతే బిడ్డ అటు చూస్తుంది, మనం "కాకి" అంటే కాకిని వెతుకుతుంది. టీవీ బిడ్డ చూపును పట్టించుకోదు.

మాటలొచ్చిన పిల్లల సంగతి వేరు. ఇంట్లో తెలుగు నడుస్తుంటే టీవీ దానికి నాలుగు మాటలు కలుపుతుంది. హైదరాబాద్ గ్రీన్ గోల్డ్ సంస్థ తీసిన చోటా భీమ్‌ను తెలుగులో చూసే పిల్లవాడికి పల్లె మాటలు కొన్ని అందుతాయి. కానీ ఆ మాట ఇంట్లో ఎవరైనా మళ్లీ వాడాలి, అప్పుడే నిలుస్తుంది. ఇక్కడ మీకొక ఉపాయం చెబుతాను, నాకు చాలా ఇష్టమైనది. అహ్మదాబాద్ ఐఐఎంలో పనిచేసిన బ్రిజ్ కొఠారి 1996 ప్రాంతంలో ఒక ఆలోచన చేశారు. సినిమా పాట వస్తుంటే అదే భాషలో పాట మాటలు తెర కింద పడాలి. తెలిసిన పాట కాబట్టి కళ్లు వాటంతటవే అక్షరాల వెంట పరుగెడతాయి, చదువు సరిగా రానివాళ్లకు చదవడం అలవడుతుంది. తర్వాత దూరదర్శన్ పాటల కార్యక్రమాల్లో దాన్ని అమలు చేశారు. మన పిల్లలకు ఇది రెట్టింపు పనికొస్తుంది. కర్ణాటక బడుల్లో కన్నడ అక్షరాలు నేర్పుతారు. కన్నడ, తెలుగు లిపులు తోబుట్టువులు. 'ಮ' తెలిసిన పిల్లకు 'మ' ఎంత దూరం? యూట్యూబ్‌లో తెలుగు లిపిలో సాహిత్యం కనిపించే పాటలు బోలెడు. వారానికి ఒక పాట ఎంచుకుని పిల్లతో కలిసి పాడండి. తెలుగు వాచకం పట్టుకుంటే పారిపోయే పిల్ల పాటకు కూర్చుంటుంది.

ఇప్పుడు అన్నిటికంటే కష్టమైన పని, అమ్మమ్మకు తోడు. పిల్లల మీద టీవీ ప్రభావం గురించి మాట్లాడేవాళ్లు పెద్దవాళ్ల ఒంటరితనాన్ని మరిచిపోతారు. ఊళ్లో అరుగు మీద పదిమందితో మాట్లాడిన మనిషి ఇక్కడ తొమ్మిదో అంతస్తులో తలుపు మూసిన ఇంట్లో ఉంటుంది. లిఫ్ట్‌లో కనిపించినవాళ్లు నవ్వుతారు, మాట కలవదు. రోజంతా ఆమెతో తెలుగులో మాట్లాడేది టీవీ ఒక్కటే. సాయంత్రం ఆరున్నర నుంచి ఒకదాని తర్వాత ఒకటి సీరియళ్లు. పాప అక్కడే ఆడుకుంటూ ఉంటుంది, "అదేం చూడట్లేదులే" అనుకుంటాం.

చూడకపోయినా తేడా పడుతుంది. ఏడాది నుంచి మూడేళ్ల వయసు పిల్లలు ఆడుకుంటుంటే పక్కన పెద్దల కార్యక్రమం ఒకటి నడిపించి గమనించిన పరిశోధన 2008లో అచ్చయింది. పిల్లలు టీవీ వైపు అప్పుడప్పుడు మాత్రమే తలెత్తినా, ఆట చిన్న చిన్న ముక్కలైంది. ఒక బొమ్మతో నిలిచి ఆడే సమయం తగ్గింది. వెనకాల టీవీ నడిస్తే తల్లిదండ్రులు బిడ్డతో మాట్లాడే మాటలూ తగ్గుతాయని మరో పరిశోధన చెప్పింది. దానికి తోడు మన సీరియళ్లలో కోడలి మీద కుట్ర, విషం కలపడం, చాటునుంచి వినడం. కోపం వస్తే చెంపదెబ్బ, ఆ దెబ్బ మూడుసార్లు తిప్పి చూపించడం. బందూరా బొమ్మ గుర్తుంది కదా. టీవీ ఎక్కువగా చూసేవాళ్లకు లోకం ఉన్నదానికంటే భయంకరంగా కనిపిస్తుందని పరిశోధకుడు జార్జ్ గెర్బ్‌నర్ ఏళ్ల తరబడి వాదించారు. రాత్రి తొమ్మిదింటి నేర వార్తల కార్యక్రమాలు చూసి తలుపు గొళ్లెం నాలుగుసార్లు సరిచూసుకునే పెద్దవాళ్లను చూస్తే ఆయన మాట కొట్టిపారేయలేం.

న్యాయంగా రెండో వైపు కూడా చెప్పాలి. మన దేశంలోనే పల్లెలకు కేబుల్ టీవీ వచ్చాక ఆడవాళ్లు భర్త కొట్టడాన్ని సమర్థించడం తగ్గిందని, మగపిల్లాడే కావాలన్న పట్టు సడలిందని రాబర్ట్ జెన్సెన్, ఎమిలీ ఓస్టర్ 2009లో ప్రచురించిన అధ్యయనంలో చూపించారు. తెర మీద ఉద్యోగం చేసే, చదువుకున్న ఆడమనిషిని చూడటం వాళ్లకు కొత్త లోకాన్ని చూపింది. కాబట్టి అమ్మమ్మ టీవీని ఆమె నుంచి లాక్కోవద్దు. ఆమెకు అది ఒక కిటికీ.

చేయగలిగింది ఉంది. కూతురు తల్లిని పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాలి: "అమ్మా, నీ సీరియళ్లు ఎక్కడికీ పోవు. ఫోన్‌లో మర్నాడు ఎప్పుడైనా చూడొచ్చు. పాప బడికి పోయాక పదింటికి పెట్టుకో, నేను చూపిస్తా." అత్తగారైతే అల్లుడో కోడలో ఇంకాస్త నెమ్మదిగా, "అత్తయ్యా, సాయంత్రం పాపకి మీరు చిన్నప్పటి కథలు చెబితే బాగుంటుంది, మీరు చెప్పినట్టు మాకు రాదు" అని అడగాలి. నిజం కూడా అదే. తర్వాత అసలు పని: అదే అపార్ట్‌మెంట్‌లో ఇంకా నలుగురు తెలుగు అమ్మమ్మలు, నాయనమ్మలు ఉంటారు. చిత్తూరామె బి బ్లాక్‌లో, నెల్లూరామె డి బ్లాక్‌లో. నివాసుల వాట్సాప్ గ్రూపులో ఒక్క మెసేజ్ పెట్టి, సాయంత్రం ఐదున్నరకు కింద పార్కు బెంచీ దగ్గర వాళ్లను కలపండి. మా దగ్గర ఇలా మొదలైన బెంచీ ఒకటి ఉంది. పిల్లలు అక్కడే ఆడతారు, పెద్దవాళ్లు మాట్లాడుకుంటారు. టీవీ దగ్గర నుంచి రెండు పనులు ఒకేసారి వెనక్కి వచ్చాయి.

ఇక గంటల లెక్క, క్లుప్తంగా. రెండేళ్లలోపు పిల్లలకు తెర అసలు వద్దని, ఊళ్లో తాతయ్యతో వీడియో కాల్ లాంటివి మాత్రం ఫరవాలేదని భారతీయ పిల్లల వైద్యుల సంఘం చెబుతోంది. రెండు నుంచి ఐదేళ్ల దాకా రోజుకు గంట మించకూడదు, పెద్దల సమక్షంలో. ఐదు నుంచి పదేళ్ల దాకా రెండు గంటల లోపు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో పసిపిల్లలకు ఇచ్చిన సూచనలూ దాదాపు ఇవే. ఇందులో టీవీ, ఫోన్, ట్యాబ్ అన్నీ కలుస్తాయి.

కొన్ని ఇళ్లలో ఈ సమస్య ఇంటి చిట్కాలతో తీరేది కాదు. తెర ఆపితే వస్తువులు పగలగొట్టడం, రాత్రి నిద్ర మానేయడం, బడికి వెళ్లనని మొండికేయడం, స్నేహితులను వదిలేయడం వారాల తరబడి సాగితే ఆలస్యం చేయకండి. ఈ విషయంలో బెంగళూరులో ఉన్నవాళ్లకు దగ్గరలోనే సాయం ఉంది. హోసూరు రోడ్డులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ 2014లో 'షట్' అనే క్లినిక్ పెట్టింది, తెరల వాడకం చేయి దాటినవాళ్ల కోసం. 2018లో రోజుకు ఏడు గంటలకు పైగా నెట్‌ఫ్లిక్స్ చూస్తూ ఉండిపోయిన 26 ఏళ్ల యువకుడికి అక్కడ చికిత్స చేశారని పత్రికలు రాశాయి. ఉద్యోగం లేని బాధను మరిచిపోవడానికి అతను తెరను ఆశ్రయించాడు. పిల్లల విషయంలోనూ తెర వెనక ఏ బాధ ఉందో అడగాలి. బడిలో ఎవరైనా ఏడిపిస్తున్నారా? కొత్త ఊళ్లో, కొత్త భాషలో స్నేహితులు దొరకలేదా? క్లినిక్‌కి వెళ్లడం నామోషీ అనుకోకండి. జ్వరం వస్తే వెళ్లినట్టే వెళ్లండి.

చివరగా అన్నం. మొదట వెనక్కి తీసుకోవలసిన పనీ ఇదే, ఎందుకంటే రోజూ వస్తుంది. తెర చూస్తూ తినే బిడ్డకు ఆకలి తీరిన సంగతి తెలియదు, వంకాయకూ బెండకాయకూ రుచిలో తేడా తెలియదు. పాపను నేల మీద చాప వేసి కూర్చోబెట్టండి, లేదా అందరితో పాటు బల్ల దగ్గర. మీరు తినేదే కాస్త కారం తగ్గించి ఆమె కంచంలో కొద్దిగా పెట్టండి. చేతితో కలుపుకోనివ్వండి. గౌను మీద పడుతుంది, నేల మీద పడుతుంది, తుడుచుకుందాం. ఇరవై నిమిషాలయ్యాక కంచం తీసేయండి, బతిమాలడాలు, బెదిరించడాలు లేకుండా. మొదటి మూడు నాలుగు రోజులు తక్కువ తింటుంది. అమ్మమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంటుంది, "బిడ్డ చిక్కిపోతోందే" అంటుంది. ఆరోగ్యంగా ఉన్న బిడ్డ ఆకలేస్తే తింటుంది. బరువు గురించి బెంగ ఉంటే పిల్లల డాక్టరుకు చూపించి ధైర్యం తెచ్చుకోండి. మా ఇంట్లో ఐదో రోజున మావాడు తనంతట తానే, "ఇంకొంచెం పప్పు" అన్నాడు. ఆ మాట నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు.

మీకు సిల్క్ బోర్డు ట్రాఫిక్ ఉందని తెలుసు. రోజూ ఏడింటికి ఇంట్లో ఉండమని అడగను. వారంలో త్వరగా బయలుదేరగలిగే రోజు ఒక్కటి ఎంచుకోండి, బుధవారమో శుక్రవారమో. ఆ రాత్రి టీవీ ఆపి, అమ్మమ్మ చేతిలోని గిన్నె మీరు అందుకుని పాప ఎదురుగా కూర్చోండి.